ఇల్లు అమ్మేసి ఆర్వీలోనే ఉందామంటున్నారు, నేనేం చెప్పాలి?

టెక్సాస్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆవిడకు 61 ఏళ్లు, బీపీ ఉంది. భర్తకు 64. ఆయన పోయినేడు రిటైరయ్యారు. ఆ వెంటనే 34 అడుగుల క్లాస్ ఎ మోటార్‌హోమ్, అంటే లోపలే ఇల్లుండే బస్సు లాంటి పెద్ద ఆర్వీ, కొన్నారు. దాని వెనక కట్టుకుని వెళ్లడానికి ఒక చిన్న కారు కూడా ఉంది. సెప్టెంబర్ నుంచి ఇద్దరూ ఎక్కువ రోజులు రోడ్డు మీదే గడిపారు. బిగ్ బెండ్ నేషనల్ పార్క్ చూశారు, అరిజోనా, యూటా తిరిగారు. ఇప్పుడు ఆయన ఇల్లు అమ్మేసి పూర్తిగా ఆర్వీలోనే ఉండిపోదామంటున్నారు. మార్చిలో రమ్మని రియల్టర్‌ని (ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుని) పిలిచారు.

"ముప్పై ఏళ్లుగా ఆయన కన్న కల ఇది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంట్లో కనిపించని మనిషి ఇప్పుడు పొద్దున్నే లేచి నాకు కాఫీ కలిపిస్తున్నారు, కబుర్లు చెబుతున్నారు. అది నాకు ఎంతో బాగుంది" అని రాస్తూనే, తనకు ఊపిరాడకపోవడానికి కారణాలు కూడా రాశారు. ఆయన దాదాపు ఎక్కడా రెండు రాత్రులకు మించి ఆగరు. సర్దడం, విప్పడం, మళ్లీ సర్దడంతోనే రోజులు గడిచిపోతున్నాయి. పోపు వేస్తే స్మోక్ అలారం మోగుతుంది. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ పెడితే బ్రేకర్ పడిపోతుంది, ఆ తప్పు ఈవిడదవుతుంది. ఒక రాత్రి చీకట్లో బండి రివర్స్ చేస్తుంటే "చెయ్యి ఊపడం కూడా చేతకాదా" అని ఆయన పక్క సైట్ల వాళ్లందరి ముందూ అరిచారు. క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర ఎడారిలో హుకప్‌లు (కరెంటు, నీళ్ల కనెక్షన్లు) లేకుండా పదిరోజులు ఉన్నప్పుడు గిన్నెలు కడగడానికి నీళ్లు కొలిచి వాడుకోవాల్సి వచ్చింది. ఇంటి దగ్గరి స్నేహితులు దూరమైపోతున్నారు. జూన్‌లో ఒహాయోలో కూతురికి కాన్పు. ఈవిడ మూడు నెలలు అక్కడ ఉండాలనుకుంటున్నారు, ఆయన మాత్రం వేసవికి మోంటానా ప్లాన్ వేశారు.

అన్నిటికన్నా నన్ను ఆపిన వాక్యం ఇది: "ఆయనకి దారిలో ఏమైనా అయితే ఆ బండిని నేను ఒక్క అడుగు కూడా కదపలేను." ఇవేవీ ఆవిడ భర్తతో చెప్పలేదు. స్నేహితులు "ఎంత అదృష్టం" అంటుంటే నవ్వి ఊరుకుంటున్నారు. "నేనే సర్దుకుపోవాలా? ఇల్లు అమ్మొద్దని గట్టిగా చెప్పాలా? చెబితే ఆయన కల పాడుచేసినదాన్ని అవుతానా?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు నా ముందు పెట్టింది రెండే దారులు: సర్దుకుపోవడం లేదా అడ్డం తిరగడం. కానీ మీరు రాసిన కష్టాలను విడదీసి చూస్తే వాటిలో ఎక్కువ ఆర్వీ వల్ల వచ్చినవి కావు, ఇంటి వల్ల వచ్చినవీ కావు. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఎన్నాళ్లుండాలి, బండి ఎవరు నడపాలి అన్నవన్నీ ఒక్కరే నిర్ణయించడం వల్ల వచ్చినవి. ఈ ప్రయాణంలో మీరు వెనక సీటు మనిషి అయిపోయారు. అది మారకుండా ఇల్లు ఉంచుకున్నా మీ ఇబ్బంది తీరదు. అది మారితే, ఇంటి విషయం మీ ఇద్దరూ ప్రశాంతంగా మాట్లాడుకోగలిగిన మామూలు డబ్బు లెక్క అవుతుంది. అందుకే మీరు అడిగిన ప్రశ్నకి చివర వస్తాను, ముందు రోడ్డు సంగతి చూద్దాం.

రెండు రాత్రులకొకసారి ఊరు మారడం ఆర్వీ జీవితం కాదు, అది టూర్ ప్యాకేజీ. ఏళ్ల తరబడి ఆర్వీల్లో తిరిగేవాళ్లు చెప్పుకునే లెక్క ఒకటుంది: రోజుకి 300 మైళ్లు దాటొద్దు, మధ్యాహ్నం 3 గంటలకల్లా చేరుకోవాలి, చేరిన చోట కనీసం 3 రాత్రులుండాలి. సెలవులో వచ్చినవాళ్లకే అది కనీసపు లెక్క. దానిలోనే ఉండేవాళ్లు ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. బండి కదిలిన ప్రతిసారీ ఆయన బయట కరెంటు, నీళ్ల గొట్టాలు విప్పి, బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు), ఆ తర్వాత గ్రే ట్యాంక్ (వాడిన నీళ్లు) ఖాళీ చేస్తారు. అది అందరికీ కనిపించే పని. అల్మారాలన్నీ మూసి, ఫ్రిజ్‌కి గొళ్లెం పెట్టి, గిన్నెలు కదలకుండా సర్ది, స్లైడ్‌లు (ఆగినప్పుడు పక్కకి జరిపి గది పెంచుకునే భాగాలు) లోపలికి తెచ్చేముందు అడ్డాలన్నీ తీసేది మీరు. అది ఎవరికీ కనిపించదు. వారానికి మూడుసార్లు ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఇంట్లో దిగమంటే ఎవరైనా అలసిపోతారు.

ఆగడం వల్ల డబ్బు కూడా మిగులుతుంది. ప్రైవేట్ ఆర్వీ పార్కుల్లో నెల రేటు తీసుకుంటే రాత్రికి పడే అద్దె బాగా తగ్గుతుంది, కరెంటు బిల్లు మాత్రం సాధారణంగా విడిగా కట్టాలి. మీవారికి 62 దాటాయి కాబట్టి, సిటిజన్ అయినా గ్రీన్‌కార్డ్ ఉన్నా, జీవితాంతం పనికొచ్చే సీనియర్ పాస్ 80 డాలర్లకే వస్తుంది. దానితో నేషనల్ పార్కుల ప్రవేశమే కాదు, చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో సైట్ అద్దె కూడా సగమవుతుంది. అలాంటి చోట్ల చాలావరకు 14 రోజుల దాకా ఉండనిస్తారు. ఒక చోట పదిరోజులుంటే పక్క సైట్ వాళ్ల ముఖాలు గుర్తుంటాయి, ఒక నడక దారి మీదవుతుంది. ఇంటి దగ్గర స్నేహితుల్ని ఎంత పోగొట్టుకుంటున్నారో రాశారు కదా, ఆ వెలితి రోజూ కొత్త ఊరు చూస్తే తీరేది కాదు. టెక్సాస్ దక్షిణాన రియో గ్రాండె వ్యాలీకి ప్రతి చలికాలం ఉత్తరాది నుంచి రిటైరైనవాళ్లు వేలల్లో వస్తారు. వాళ్లని వింటర్ టెక్సన్స్ అంటారు. ఏటా అదే పార్కుకి, అదే జట్టు దగ్గరికి వచ్చేవాళ్లు వాళ్లలో చాలామంది. అదీ ఆర్వీ జీవితమే.

ఆయన ఎందుకింత తొందరపడుతున్నారో మీకు తెలుసా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఉద్యోగంలో ఉన్నట్టే లిస్టు పూర్తి చేయాలన్న అలవాటు కావచ్చు. ఆరోగ్యం బాగున్నప్పుడే అన్నీ చూసెయ్యాలన్న భయమూ కావచ్చు. 64 ఏళ్ల మనిషి ఆ భయాన్ని నోరు విప్పి చెప్పడం అరుదు. ఒకసారి అడగండి. ఆ జవాబు బట్టి మీ సంభాషణ మొత్తం మారిపోతుంది.

బ్రేకర్ సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ నింద మీ మీద ఉండకూడదు. 30 ఆంప్ కనెక్షన్ మీద మొత్తం 3,600 వాట్లే వస్తాయి. ఏసీకి సుమారు 1,500, ఇండక్షన్ స్టవ్‌కి 1,800 దాకా పోతాయి. ఇంతలో వాటర్ హీటర్ కూడా కరెంటు మీద నడుస్తుంటే బ్రేకర్ పడక ఏం చేస్తుంది? 50 ఆంప్ సైట్లో 12,000 వాట్ల దాకా ఉంటుంది, అక్కడ ఈ గొడవే రాదు. సైట్ బుక్ చేసేటప్పుడు 50 ఆంప్ ఉందో లేదో చూడటం ప్లాన్ వేసేవాళ్ల పని. పోపు అంటారా, బయట పిక్నిక్ టేబుల్ మీద చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకోండి. ఎలుగుబంట్లు తిరిగే పార్కుల్లో మాత్రం వండిన వెంటనే అన్నీ లోపలికి తెచ్చేయాలి.

ఇక రివర్స్ చేసేటప్పుడు పడే గొడవ. ఆర్వీ జంటల్లో ఇది పడనివాళ్లు తక్కువ. చీకటి పడకముందే చేరుకుంటే సగం టెన్షన్ పోతుంది. చేతి సైగలు ఇంటి దగ్గరే కూర్చుని ఖాయం చేసుకోండి, ఫోన్ లైన్‌లో ఉంచుకుని మాట్లాడుకోండి. మీరు "ఆపు" అంటే ఎందుకని అడక్కుండా ఆయన ఆపాలి. అద్దంలో మీరు కనిపించకపోయినా ఆపాలి. ముందు నుంచి లోపలికి వెళ్లి ముందుకే బయటికి వచ్చే పుల్-త్రూ సైట్లు దొరికితే రివర్స్ బాధే ఉండదు. కానీ నలుగురి ముందు ఆయన అన్న మాట సైగలతో సర్దుకునేది కాదు. అది మీ మనసులో ఇంకా ఉంది, లేకపోతే నాకు రాసేవారు కాదు. ఆ మాట వల్ల బాధపడ్డానని ఆయనకి విడిగా, నెమ్మదిగా చెప్పాలి. వేరే విషయాలతో కలిపి చెబితే అది వాటిలో కలిసిపోతుంది.

మీ అసలు భయానికి వద్దాం. బండి నడపడం నేర్చుకోండి. ఊళ్లన్నీ మీరే నడపాలని కాదు. అవసరం పడితే ఒక గంట నడిపి దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌కి చేర్చగలిగితే చాలు. మీ బండి గరిష్ఠ బరువు రేటింగ్ 26,000 పౌండ్ల లోపుంటే టెక్సాస్‌లో మీ మామూలు లైసెన్స్ సరిపోతుంది, దాటితే క్లాస్ బి లైసెన్స్ కావాలి. డ్రైవర్ సీటు దగ్గరుండే స్టిక్కర్ మీద ఆ అంకె ఉంటుంది. ఆర్వీ డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర నేర్చుకోండి, మీవారి దగ్గర వద్దు. ఆయన మంచి మనిషే కావచ్చు, కానీ భర్త పక్కన కూర్చుని నేర్పే డ్రైవింగ్ చాలా ఇళ్లలో ఏడుపుతో ముగుస్తుంది. ఖాళీ పార్కింగ్ లాట్‌లో మొదలుపెట్టి, తర్వాత పొద్దున పూట ట్రాఫిక్ లేని హైవే మీద ఒక అరగంట. మలుపు తిరిగేటప్పుడు తోక ఎంత బయటికి వస్తుందో, బండి ఎత్తు ఎంతో తెలిస్తే సగం భయం పోతుంది. ఎత్తు అంకె కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించుకోండి. కారు వెనక కట్టి ఉన్నప్పుడు మాత్రం రివర్స్ చేయకూడదు, ముందు కారు విప్పాలి. అది కూడా మీ చేత్తో విప్పి చూడండి.

ఆ చిన్న కారు తాళాలు ఒక జత ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. క్యాంప్‌లో ఉన్నప్పుడు ఆయనకి ఒంట్లో బాగోకపోతే మీకు అక్కరకొచ్చేది అదే, పెద్ద బండి కాదు. క్యాంప్‌గ్రౌండ్ పేరు, సైట్ నంబర్, రోడ్డు పేరు చేరిన ప్రతిచోటా ఒక కాగితం మీద రాసి తలుపు దగ్గర పెట్టండి. 911కి ఫోన్ చేసినప్పుడు కంగారులో ఎక్కడున్నామో చెప్పలేకపోవడం ఎవరికైనా జరుగుతుంది. యజమాని ఆసుపత్రిలో పడితే బండిని డ్రైవర్‌తో ఇంటికి చేర్పించే మెంబర్‌షిప్ ప్లాన్లు కూడా ఉన్నాయి, ఒకటి తీసుకోవడం మంచిది.

ఇప్పుడు ఇల్లు. ఇక్కడ ఒక్క విషయం మర్చిపోకండి: మిగతా నిర్ణయాలన్నీ మార్చుకోవచ్చు, ఇల్లు అమ్మాక వెనక్కి తెచ్చుకోవడం కష్టం. అప్పటి ధర, అప్పటి వడ్డీ మీ చేతుల్లో ఉండవు. మోటార్‌హోమ్ విలువ మాత్రం ఏటా తగ్గుతూనే ఉంటుంది. మీరిద్దరూ ఒక్క ఏడాది కూడా పూర్తిగా దానిలో ఉండి చూడలేదు, మీరు చూసిన నాలుగు నెలలు కూడా పరుగులోనే గడిచాయి. అందుకని ఈ మార్చిలోనే అమ్మాలన్న తొందర నాకు అర్థం కాలేదు.

ఒక ఏడాది అద్దెకివ్వచ్చు. "అమ్మకపోతే ట్యాక్స్ నష్టం" అని మీవారు అంటే ఈ లెక్క చెప్పండి. అమ్మేనాటికి వెనక ఐదేళ్లలో కనీసం రెండేళ్లు అది మీ సొంతమై, మీరు ఉన్న ఇల్లయితే, కలిసి ట్యాక్స్ ఫైల్ చేసే భార్యాభర్తలకు 5 లక్షల డాలర్ల వరకు లాభం మీద ఫెడరల్ ట్యాక్స్ ఉండదు. అంటే అద్దెకిచ్చినా దాదాపు మూడేళ్లు ఆ వెసులుబాటు చేతిలోనే ఉంటుంది. అద్దెకున్న కాలానికి తీసుకునే డిప్రీసియేషన్ (ఇల్లు పాతబడుతుందని ఏటా చూపే ట్యాక్స్ తగ్గింపు) మీద మాత్రం తర్వాత కొంత కట్టాలి. ఇబ్బందులూ ఉన్నాయి: హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే తగ్గింపు) పోయి ప్రాపర్టీ ట్యాక్స్ పెరగొచ్చు, కౌంటీ అప్రైజల్ ఆఫీసులో కనుక్కోండి. అద్దెకున్నవాళ్ల ఫోన్లు మీరు ఏ కొండ మీదున్నా వస్తాయి. పూజగది సామాను, మొక్కలు ఎవరింట్లో పెట్టాలో చూసుకోవాలి.

ఇల్లు అలాగే ఉంచి ఆరునెలలు తిరగడం మీ మనసుకి దగ్గరగా ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. దీనిలో రెండు ఖర్చులూ మీద పడతాయి, ఆయనకి అది నచ్చకపోవచ్చు. పైగా ఇల్లు 30 లేదా 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకి డబ్బు ఇవ్వబోమనే నిబంధన చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ఉంటుంది. మీ పాలసీలో ఏముందో ఫోన్ చేసి అడగండి.

పెద్ద ఇల్లు అమ్మి చిన్నది కొనుక్కోవడం ఇంకో పద్ధతి. చేతికి డబ్బు వస్తుంది, వెనక్కి వెళ్లడానికి ఒక గది ఉంటుంది. కానీ ఎక్కడ కొనాలి? కూతురి దగ్గరా, స్నేహితుల దగ్గరా? ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేనంతవరకు దీనికి తొందరపడొద్దు.

అన్నీ అమ్మేసి పూర్తిగా ఆర్వీలో ఉండిపోవడం కూడా తప్పేమీ కాదు, ఎంతోమంది సంతోషంగానే ఉంటున్నారు. టెక్సాస్‌లోనే లివింగ్‌స్టన్ అనే ఊళ్లో ఎస్కేపీస్ అనే ఆర్వీ వాళ్ల క్లబ్ ఇచ్చే చిరునామా పెట్టుకుని, ఉత్తరాలు అక్కడికి తెప్పించుకునే ఫుల్‌టైమర్లు చాలామంది. మీ విషయంలో నన్ను ఆలోచనలో పడేసేది మీ బీపీ, మీ వయసు. మీవారికి 65 నిండగానే మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తుంది. ఒరిజినల్ మెడికేర్ అయితే దాన్ని తీసుకునే డాక్టర్ దేశంలో ఎక్కడున్నా చెల్లుతుంది. దాని బదులు ప్రైవేట్ కంపెనీలు ఇచ్చే అడ్వాంటేజ్ ప్లాన్లకి సాధారణంగా ఊరి చుట్టూ ఉన్న నెట్‌వర్కే గతి, రోడ్డు మీద ఉండేవాళ్లకి అవి అంతగా పనికిరావు. 65 నిండి పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ ఖర్చుల భాగం) మొదలైన ఆరు నెలల్లో మెడిగ్యాప్ (మెడికేర్ కట్టని ఖర్చులకి అదనపు బీమా) తీసుకుంటే ఆరోగ్య ప్రశ్నలు అడగకుండా ఇవ్వాలి, ఆ గడువు దాటనివ్వకండి. మీకు మాత్రం ఇంకా నాలుగేళ్లుంది. అప్పటిదాకా మార్కెట్‌ప్లేస్ ప్లానే (ఒబామాకేర్ కింద కొనుక్కునే బీమా) అయితే, టెక్సాస్‌లో అవి చాలావరకు ఎమర్జెన్సీకి తప్ప నెట్‌వర్క్ బయట డబ్బివ్వవు. మందుల చీటీ, రక్త పరీక్షలు, మీ డాక్టర్ అపాయింట్‌మెంట్ల కోసం ఏడాదికి కొన్నిసార్లు తిరిగి రావాల్సిందే. మీరు తిరిగి వచ్చేది ఎక్కడికి అన్నది అప్పుడు పెద్ద ప్రశ్నవుతుంది.

కాన్పు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీరు వెళ్లండి. ఆ మూడు నెలల కోసం ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీవారు కూడా రావచ్చు. మీ అమ్మాయి కొలంబస్ వైపు ఉంటే అలమ్ క్రీక్ స్టేట్ పార్క్‌లో కరెంటు ఉన్న పెద్ద క్యాంప్‌గ్రౌండ్ ఉంది, వేసవికి ముందే బుక్ చేసుకోవాలి. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో అందరూ ఇరుక్కోకుండా రాత్రికి మీ పడక మీకుంటుంది. లేదూ, ఆయనకి మోంటానాయే కావాలంటే వెళ్లిరానివ్వండి. అక్కడి గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మధ్య భాగంలోకి 21 అడుగులు దాటిన బండ్లని రానివ్వరు, అక్కడ ఎలాగూ ఆ చిన్న కారులోనే తిరగాలి. ఒక వేసవి చెరోచోట ఉంటే కాపురానికి ఏమీ కాదు.

ఇవన్నీ ఆయనతో ఎలా చెప్పాలి? బండి నడుస్తున్నప్పుడు వద్దు, సైట్లో దిగిన రోజు అసలే వద్దు. ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, ఆయన కాఫీ కలిపి తెచ్చిన పూట చెప్పండి. "ఏవండీ, ప్రయాణాలు మానేద్దామని నేను అనడం లేదు. పొద్దున్నే మనిద్దరం కూర్చుని మాట్లాడుకోవడం నాకెంత ఇష్టమో మీకు తెలీదు. కానీ ఈ పరుగు నావల్ల కావడం లేదు. మీకేమైనా అయితే ఏం చేయాలో తెలీక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అది సర్దుకునేదాకా ఇల్లు అమ్మే మాట ఆపుదాం." ఇంతే చాలు. ఇన్నాళ్లూ మీరు చెప్పలేదు కాబట్టి ఆయన మీకు సమ్మతమేననుకుని ఉంటారు. ఆశ్చర్యపోవచ్చు, కోపం రావచ్చు, "ముందే చెప్పొచ్చు కదా" అనొచ్చు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది, దానికి తల వంచండి. కానీ అడిగింది మాత్రం వెనక్కి తీసుకోకండి. కల పాడుచేస్తానేమో అన్నారు. మీరు కలిసి నడవడానికి ఏం కావాలో చెబుతున్నారు, అది తెలియకుండా ఆయన కల ఆయనొక్కడిదే అవుతుంది.

ఆయన ససేమిరా అంటే? టెక్సాస్‌లో భార్యాభర్తలు ఉంటున్న సొంత ఇంటిని ఇద్దరూ సంతకం పెట్టందే అమ్మలేరు, దస్తావేజు ఒక్కరి పేరు మీదే ఉన్నా అంతే. దాన్ని బెదిరింపుగా వాడమని చెప్పడం లేదు. కాగితం ముందుకు వచ్చినరోజు భయపడి సంతకం పెట్టకుండా ఉండటానికి చెబుతున్నాను. మాట తెగకపోతే ఇద్దరూ గౌరవించే పెద్దవాళ్లనో, ఫ్యామిలీ కౌన్సెలర్‌నో మధ్యలో కూర్చోబెట్టుకోండి. పిల్లల్ని జడ్జీలు చేయకండి.

రియల్టర్ అపాయింట్‌మెంట్ రద్దు చేయమని పట్టుబట్టాల్సిన పనిలేదు. రానివ్వండి. ఇల్లు ఎంతకి అమ్ముడవుతుందో చెప్పినట్టే, అద్దెకిస్తే నెలకి ఎంత వస్తుందో కూడా చెప్పమని మీరే అడగండి. ఆ రెండు అంకెలూ, ఇన్సూరెన్స్ వాళ్ల జవాబూ దగ్గర పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. ఏం తేలిందో నాకు రాయండి.